మాడిసన్ నదిలో ఏడున్నర అడుగుల రాడ్ ఎందుకు చాలడం లేదు

ఫ్లై ఫిషింగ్‌లో మీ ఫ్లై (పురుగులా కనిపించే తేలికపాటి ఎర) అడ్డంగా ఈడ్చుకుపోతోందని, ట్రౌట్ చేపలు దాన్ని ముట్టడం లేదని రాశారు. మీ ఏడున్నర అడుగుల రాడ్ (గాలపు కర్ర) ఆ నదికి పొట్టిది, చాలావరకు కారణం అదే. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో పారే మాడిసన్ లాంటి వెడల్పు నదిలో మీకూ చేపకూ మధ్య నీరు ఒకే వేగంతో పారదు. మధ్యలోని జోరు పాయ లైన్‌ను (గాలపు తాడును) లాగేస్తుంది, దాని వెంట ఫ్లై కూడా పోతుంది. అలా ఈడ్చుకుపోయే ఫ్లైని ట్రౌట్ నమ్మదు.

1. అన్నిటికీ ఒకే రాడ్ కావాలంటే 9 అడుగులది, 5 వెయిట్ తీసుకోండి (వెయిట్ అంటే రాడ్ ఎంత బరువైన లైన్‌కు సరిపోతుందో చెప్పే సంఖ్య). డ్రై ఫ్లై (నీటిపై తేలేది), నింఫ్ (నీటిలో మునిగేది), చిన్న స్ట్రీమర్ (చిన్న చేపలా కనిపించేది) మూడూ దానితో నడుస్తాయి. గాలిలోనూ తేలికైన 3 వెయిట్ రాడ్ కంటే నయం.

2. లైన్ కూడా 5 వెయిటే ఉండాలి. పాతది ఎక్కించకండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: మెండింగ్, అంటే నీటిపై పడ్డ లైన్‌ను సరిచేయడం. ఫ్లై నీటిపై వాలగానే, లైన్ బిగుసుకోకముందే, రాడ్ కొన పైకెత్తి లైన్‌ను ఎగువకు విల్లులా వంచి వేయండి. ఫ్లై కదలకూడదు, లైన్ మాత్రమే కదలాలి. ఈడ్పు మొదలయ్యాక చేస్తే ఆలస్యమైనట్టే. 9 అడుగుల రాడ్ ఎక్కువ లైన్‌ను నీటి నుంచి లేపుతుంది కాబట్టి ఇది తేలికవుతుంది. దయచేసి ముందు పచ్చికలో ఓ గంట సాధన చేయండి, తేడా మీకే తెలుస్తుంది.

4. పాత రాడ్ అమ్మేయకండి. కొమ్మలు కమ్ముకున్న సన్నటి వాగుల్లో వెనక్కి విసరడానికి చోటుండదు, అక్కడ అదే మేలు.