నవల ఎంతవరకు వచ్చింది? కొత్తగా నవల రాస్తున్న అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,
ఆశీస్సులు.

నవల సగం అయిందని రాశావు. సగం అని దేన్నిబట్టి అన్నావు? మొత్తం ఎన్ని సన్నివేశాలు, ఒక్కోదానికి ఎన్ని గంటలు పడుతోంది, వారానికి నీకు దొరికే గంటలెన్ని? ఈ మూడూ తెలిస్తే సగమో పావో తేలుతుంది. తెలియకపోతే సగం అన్నది ఆ రోజు మనసు ఎలా ఉందో చెప్పే మాట, అంతే. మొదటి నవలలు చాలావరకు నడిమధ్యలో ఆగిపోయేది ఇంకా ఎంత మిగిలిందో తెలియకే.

ముందు ఒక పొడుగాటి రూళ్ళ నోటుబుక్కు కొను. పేజీకి ఐదు గడులు గీయి: తేదీ, కూర్చున్న వేళ, లేచిన వేళ, పని రకం, ఏం తేలింది. పని రకానికి పొడి అక్షరాలు చాలు. కొత్తగా రాస్తే ‘కొ’, దిద్దితే ‘ది’, సమాచారం కోసం చదివితే ‘చ’, టైపు చేస్తే ‘టై’. ఒక వరస ఇలా ఉంటుంది: ‘14 జూలై, 5.20, 6.35, కొ, 9వ సన్నివేశం పేజీన్నర.’ మధ్యలో కుక్కర్ దించడానికి లేచి పది నిమిషాలు పోతే పక్కన ‘-10’ అని వెయ్యి. అయిదు నిమిషాల తేడా పట్టించుకోకు.

కూర్చున్న వేళను కూర్చోగానే రాయాలి. మీ ఆఫీసులో శుక్రవారం సాయంత్రం వారం మొత్తానికీ టైమ్‌షీట్ ఎలా నింపుతారో నీకు తెలుసు. నోటుబుక్కు కూడా రాత్రి పడుకునేముందు గుర్తు తెచ్చుకుని నింపితే అలాంటి లెక్కే తయారవుతుంది. పని గంటలు లెక్కపెట్టే టోగుల్ లాంటి యాప్ వాడినా సరే, కానీ టైమర్ ఆపడం మరిచిపోతే అది ఆఫీసు వేళంతా నవల ఖాతాలో రాసేస్తుంది. పైగా అది ఉండేది ఫోన్‌లో. టైము చూద్దామని ఫోన్ తీస్తే వాట్సాప్ చూడకుండా కింద పెట్టేవాళ్ళు అరుదు. వంటింటి టైమరే మేలు. పాతిక నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి దిద్దుబాటుకి బాగా పనికొస్తుంది. కొత్త సన్నివేశం రాసేటప్పుడు మాత్రం పాత్రలు నోరు విప్పే సరికే గంట మోగుతుంది. దానికి యాభై నిమిషాలు పెట్టుకో.

ఇక కొలత సంగతి. 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే పొద్దున్న అయిదున్నరకి బల్ల ముందు కూర్చునేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాలు రాయాలన్నది ఆయన నియమం. రోజుకెన్ని పేజీలయ్యాయో డైరీలో వేసుకునేవాడు. పేజీ అంటే ఎవరికి తోచినంత వాళ్ళు అనుకోవచ్చు కాబట్టి, తన లెక్కలో పేజీ అంటే 250 పదాలేనని ముందే తేల్చుకున్నాడు. ఆయన వేగాన్ని వదిలెయ్, అది మనుషులందరికీ సాధ్యమయ్యేది కాదు. పట్టుకోవాల్సింది ఆ కచ్చితమైన కొలతని.

తెలుగులో పదాల లెక్క కొంచెం మోసం చేస్తుంది. ‘వెళ్ళాల్సివచ్చినందుకు’ అన్నది మనకు ఒకటే పదం. దాన్నే విడగొట్టి టైపు చేస్తే రెండో మూడో అవుతాయి, ఎందుకంటే కంప్యూటర్ ఖాళీలను చూసి లెక్కపెడుతుంది. నెలలో నవల రాసేద్దామనేవాళ్ళు పెట్టుకునే 50,000 పదాలు, అంటే రోజుకి 1,667 అనే లక్ష్యం ఇంగ్లీషు రాతను చూసి పెట్టింది. అదే సరుకు తెలుగులో తక్కువ పదాల్లో ఇమిడిపోతుంది కాబట్టి ఆ అంకె ముందు పెట్టుకుంటే రోజూ ఓడిపోయినట్టే ఉంటుంది. లేదా సంభాషణలు సాగదీయడం మొదలుపెడతావు. నీ లెక్క సన్నివేశాల్లో ఉండనీ. చేత్తో రాస్తావు కాబట్టి పేజీ కొలత కూడా ఒకసారి తేల్చుకో. ఏవైనా పది లైన్లలో పదాలు లెక్కపెట్టి సగటు తియ్యి. లైనుకి 7, పేజీకి 28 లైన్లు అయితే నీ పేజీ 196 పదాలు. మళ్ళీ లెక్కపెట్టే పని లేదు.

మొదటి రెండు వారాలు ఏ లక్ష్యమూ పెట్టుకోకు, కొలిస్తే చాలు. ఆ తర్వాత కూడిక చెయ్యి. సన్నివేశానికి సగటున నాలుగున్నర గంటలు తేలిందనుకో. నీ పట్టికలో ఇంకా రాయాల్సినవి 36 సన్నివేశాలు అనుకో, అంటే 162 గంటలు. వారానికి ఏడు గంటలు దొరికితే సుమారు 23 వారాలు. ఇప్పుడు గోడ క్యాలెండర్ తీసి రాయని రోజులను ముందే కొట్టెయ్యి: శ్రావణమాసం పెళ్ళిళ్ళు, వినాయక చవితి, దసరా, దీపావళి, ఆఫీసులో రిలీజులు. ఇవన్నీ కలిపి నాలుగు వారాలు మింగుతాయనుకుంటే 27 వారాలు. జూలై మొదట్లో మొదలెడితే చిత్తుప్రతి సంక్రాంతి ముందర పూర్తవుతుంది. నవలల పోటీకి పంపాలనుకుని, దానికి డిసెంబరు గడువు ఉంటే అది అందదని జూలైలోనే తెలిసిపోతుంది. తెలియడం మంచిదే, నవంబరులో నిద్ర మానుకోకుండా సన్నివేశాలు తగ్గించుకునే వీలు ఇప్పుడే ఉంది.

ఈ లెక్కని కళ్ళెదుట పెట్టడానికి ఒక గ్రాఫ్ కాగితం చాలు. అడ్డంగా వారానికి అర సెంటీమీటరు, నిలువుగా సన్నివేశానికి అర సెంటీమీటరు తీసుకో. 36 సన్నివేశాలకు 18 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది, ఏ4 కాగితంలో సరిపోతుంది. ఎడమ వైపు పైన 36 దగ్గర మొదలుపెట్టి, 27వ వారం దగ్గర సున్నాకి పెన్సిల్‌తో ఏటవాలు గీత గీయి. ప్రతి ఆదివారం మిగిలిన సన్నివేశాల సంఖ్య దగ్గర పెన్నుతో చుక్క పెట్టి, పాత చుక్కకి కలుపు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు బర్న్‌డౌన్ చార్ట్ అంటారే, అదే ఇది. ‘సగం రాశాను’ అనేదాన్ని లెక్కలోకి రానీకు. సన్నివేశం పూర్తయితేనే ఒకటి తగ్గుతుంది. మధ్యలో కొత్త సన్నివేశం అవసరమైతే ఆ వారం చుక్కను ఒక గడి పైకి జరుపు. అందరూ దాచేది ఇక్కడే. 36 కాస్తా 44 అయినా గీత మాత్రం దిగుతున్నట్టే చూపించుకుంటారు.

గ్రాఫ్ ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. మూడు వారాలుగా గీత అడ్డంగా పోతోందనుకో. నోటుబుక్కు తెరిచి గంటలు చూడు. గంటలు కూడా పడిపోయి ఉంటే కారణం ఇంట్లోనో ఆఫీసులోనో ఉంది, రాసే వేళ మార్చుకోవాలి. గంటలు మామూలుగానే ఉండి, వరసలన్నీ ‘ది’ అని ఉంటే రాసిన మొదటి ప్రకరణాన్నే పదేపదే దిద్దుతున్నావన్న మాట. ‘చ’లు పెరిగిపోతే చదువు చాటున దాక్కుంటున్నావు. చేనేత మగ్గం గురించి నాలుగో పుస్తకం చదివితేగాని ఆ సన్నివేశం రాయలేననిపిస్తే, సాధారణంగా ఆ సన్నివేశంలో ఎవరికి ఏం కావాలో నీకింకా తేలలేదు. జబ్బు ఒకలాగే కనిపిస్తుంది, మందులు మాత్రం మూడు రకాలు.

గోడమీద కార్డులు కూడా పెట్టుకోవచ్చు. సన్నివేశానికో కార్డు, ఏ పాత్ర కంటితో నడుస్తోందో దాన్నిబట్టి రంగు. వరసలు మూడు: రాయాల్సినవి, రాస్తున్నవి, రాసినవి. నడిమి వరసలో ఎప్పుడూ రెండు కార్డులే ఉండాలి. మూడోది పెట్టాలంటే ఒకటి పూర్తవాల్సిందే. ఈ కట్టడి లేకపోతే కష్టమైన చోట వదిలేసి తేలికైనది మొదలెట్టడం అలవాటై, సగం సగం సన్నివేశాలు పదీ పదిహేనూ పోగుపడతాయి. స్టిక్కీ నోట్లు నేరుగా గోడకి అతికించకు. సున్నపు గోడమీద జిగురు నిలవదు, ఫ్యాన్ వేస్తే తెల్లారేసరికి నీ మూడో భాగం మంచం కింద ఉంటుంది. థర్మాకోల్ షీటుమీద బోర్డు పిన్నులు గుచ్చు. ఇలాంటి కార్డులే ఉండే ట్రెల్లో యాప్ అయినా పర్వాలేదుగానీ, అది తెరిస్తేనే కనిపిస్తుంది.

రోజూ గుర్తుపెట్టి గొలుసు తెగకుండా చూసుకునే క్యాలెండర్లంటే నాకు నమ్మకం తక్కువ. గొలుసు కోసం రాత్రి పదకొండింటికి ఒక వాక్యం గీకి పడుకుంటాం. రాయని రోజుకి నోటుబుక్కులో సున్నా వెయ్యి, వారం మొత్తం చూసుకో.

దిద్దుబాటులో ఈ గ్రాఫ్ పనికిరాదు. బాగా దిద్దితే పదాలు తగ్గుతాయి, సన్నివేశాలు రెండు కలిసి ఒకటవుతాయి. అప్పుడు చార్టుమీద సన్నివేశాలకు వరసలు, విడతలకు నిలువు గడులు గీసి, ఏ విడతలో ఏది దాటిందో రంగు నింపు. మొదటి విడత కథకి, రెండోది వాక్యానికి, మూడోది అచ్చుతప్పులకి. గంటలు ఇక్కడా రాయి. అన్నిటికీ గంటన్నర పడుతుంటే ఒకదానికి అయిదు గంటలు పట్టిందంటే దాన్ని ఇంకా దిద్దడం ఆపు. తప్పు చాలాసార్లు దానికి ముందు వచ్చే సన్నివేశంలో ఉంటుంది.

పనులకు గీతలు గీసి చూపే గాంట్ చార్ట్ గురించి అడిగావు. ఒక్క మనిషి రాసే దశలో అది దండగ, పనులన్నీ ఒకదాని తర్వాత ఒకటే. పుస్తకం వేసేటప్పుడు గీసుకో. డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం), రెండు ప్రూఫులు, ముఖచిత్రం, పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కి దరఖాస్తు పక్కపక్కనే నడుస్తాయి. మన దేశంలో ఐఎస్‌బీఎన్‌కి డబ్బు కట్టనక్కర్లేదు, చివరిదాకా ఆగకుండా ముందే పెట్టు. అన్నిటికంటే పొడుగు గీత ముందుమాటది. పెద్దవాళ్ళు ఒప్పుకుంటారు, ‘చదువుతున్నానమ్మా’ అంటారు, రెండు నెలలు గడుస్తాయి. అడగలేవు, ఆగలేవు. ఆ గీతను అన్నిటికంటే ముందు మొదలుపెట్టు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడది ఉంటాయి కాబట్టి నవంబరు నుంచీ ప్రెస్సులు ఖాళీ ఉండవని కూడా గుర్తుంచుకో.

రెండు వారాల నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి పంపు. గీతలు కొట్టెయ్యకుండా, సున్నాలు దిద్దకుండా.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి