పిల్లలకు కాలిన గాయాలు: 16000 వేయాలా, 16020 వేయాలా?

"పిల్లలకు కొద్దిగా కాలినప్పుడు అమెరికా బిల్లులో 16000 వేయాలా, 16020 వేయాలా?" అని అడిగారు. విజయవాడలో ఉంటూ అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి, చేసిన చికిత్సకు తగిన కోడ్ వేయడమే నా ఉద్యోగం. 16000, 16020 అలాంటి చికిత్స కోడ్లే. చర్మం ఎర్రబడి, పైపూతతో సరిపోతే తొలి చికిత్సకు 16000. బొబ్బలెక్కితే, శుభ్రం చేసి కట్టు కడితే, కాలిన మేర ఒంట్లో 5 శాతం లోపుంటే 16020. తర్వాత కట్టు మార్చినప్పుడూ అదే. 5 నుంచి 10 శాతమైతే 16025, ఆపైన 16030. ఇవన్నీ డాక్టరు కాగితం మీద పెడితేనే!

నా బాధంతా ఆ కాగితం గురించే. గుంటూరు బ్రాడీపేటలో మా అక్క ఇంట్లో సాంబారు గిన్నె ఒలికి మేనకోడలి కుడి ముంజేయి కాలింది. పక్కింటావిడ టూత్‌పేస్టు పట్టుకొస్తే అక్క వద్దని, పిల్ల చేతిని కుళాయి ధార కింద పట్టింది. ఆసుపత్రిలో నర్సు పిల్ల అరచేతిని వేళ్లతో సహా గాయం పక్కన ఆనించి చూసింది. ఎవరి అరచేయి వాళ్ల ఒంట్లో సుమారు 1 శాతం. గాయం అంతకు మించలేదు. అంత శ్రద్ధగా కొలిచారా, చీటీలో మాత్రం "కాలిన గాయం, డ్రెస్సింగ్" అని ఊరుకున్నారు. ఏ చేయి? ఎంత లోతు? దేనివల్ల? డాక్టరుగారు విసుక్కున్నా సరే, "కుడి ముంజేయి, రెండో డిగ్రీ, 1 శాతం, వేడి సాంబారు" అని రాయించాను. రెండో డిగ్రీ అంటే బొబ్బలెక్కేంత లోతు. ఆ ఒక్క వరుస ఉంటే, గాయాన్ని తెలిపే ఐసీడీ కోడ్లలో ముంజేతికి టి22, విస్తీర్ణానికి టి31, వేడి ఆహారానికి ఎక్స్10 తడుముకోకుండా వేయవచ్చు.

కోచింగ్ సెంటర్లు కోడ్లు బట్టీ పట్టిస్తున్నాయి గానీ పిల్లల శరీరం గురించి చెప్పడం లేదు. పెద్దవాళ్ల తల ఒంట్లో 9 శాతం, శిశువు తల 18. కొత్తగా చేరినవాళ్లు పసిబిడ్డకూ పెద్దల లెక్కే కడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మన బీమా సంగతి. ఆసుపత్రిలో చేరకుండా కట్టు కట్టించుకుని ఇంటికొస్తే, ఓపీ కవర్ లేని పాలసీలు సాధారణంగా పైసా ఇవ్వవు. అక్కకు ఈ ముక్క క్లెయిమ్ తిరిగొచ్చాక గానీ తెలియలేదు. పసిపిల్లలున్న ఇంటికి పాలసీ అమ్మేటప్పుడు ఏజెంటు మొదట చెప్పవలసింది ఇదే.