ఏడిస్తే ఫోన్ ఇస్తున్నాం, మరి రుణ పునర్బలనం ఎవరికి?

ప్రశ్న: టెట్‌కి చదువుతున్నాను. సైకాలజీలో రుణ పునర్బలనం, శిక్ష ఎంత చదివినా కలగాపులగం అయిపోతున్నాయి. ఇంకో సంగతి. మా మూడేళ్ల బాబు ఫోన్ పెడితేగానీ ముద్ద ముట్టడు, ఇవ్వకపోతే ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తాడు. పట్టించుకోవద్దన్నారు కదా అని వదిలేస్తే ఇంకా ఎక్కువ ఏడుస్తున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు పరీక్ష సంగతి చూద్దామమ్మా. ఒక పని చేశాక ఏం జరిగింది, దానివల్ల ఆ పని ఇకముందు పెరిగిందా తగ్గిందా, ఇదొక్కటే చూడండి. పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష. ఏదైనా వచ్చి చేరితే ధన, ఉన్నది తొలగితే రుణ, అంతే, మంచిచెడులతో సంబంధం లేదు. కారులో బెల్టు పెట్టుకునేదాకా టింగుటింగుమని మోగుతుంది, పెట్టుకోగానే ఆగుతుంది, కొన్నాళ్లకి కూర్చోగానే చెయ్యి బెల్టు మీదికే వెళ్తుంది. అది రుణ పునర్బలనం.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. పళ్లెం చూడగానే బాబు మూతి బిగిస్తాడు, ఏడుపు అందుకుంటాడు, మీరు రైమ్స్ పెట్టి ఫోన్ చేతికిస్తారు, ఏడుపు టక్కున ఆగుతుంది, మీకు ప్రాణం లేచొస్తుంది. ఏడిస్తే ఫోన్ వచ్చింది కాబట్టి వాడికి ధన పునర్బలనం. ఫోన్ ఇస్తే ఏడుపు పోయింది కాబట్టి మీకు రుణ పునర్బలనం. అందుకే రేపు వాడు ఇంకా తొందరగా ఏడుస్తాడు, మీరు ఇంకా తొందరగా ఇస్తారు. వాడు మొండివాడనీ, మీకు పెంచడం రాదనీ ఎవరైనా అంటే నమ్మకండి.

వదిలేస్తే ఎక్కువైంది అన్నారు. ఇన్నాళ్లూ పనిచేసిన ఏడుపు హఠాత్తుగా పనిచేయకపోతే, తగ్గేముందు అది తరచూ ఒక్కసారి ఎగసిపడుతుంది. ఇలా ఫలితం ఆపేస్తే ఆ పని క్రమంగా తగ్గిపోవడమే మీ పుస్తకంలోని ‘విరమణ’. 1959లో అమెరికాలో సి.డి. విలియమ్స్ అనే సైకాలజిస్టు 21 నెలల పిల్లాడి గురించి రాశారు. పడుకోబెట్టి పెద్దవాళ్లు గది దాటితే చాలు కేకలు. ఆరోగ్యానికి ఢోకా లేదని తేలాక, తలుపేసి వచ్చేసి మళ్లీ లోపలికి వెళ్లలేదు. మొదటిసారి 45 నిమిషాలు ఏడ్చాడు, పదోసారికి నవ్వుతూ పంపించాడు. ఓ వారం తర్వాత మళ్లీ ఏడిస్తే, వాళ్ల ఆంటీ మనసొప్పక లోపలికెళ్లి నిద్రపోయేదాకా కూర్చుంది. ఇంకేముంది, మొత్తం మళ్లీ మొదటికొచ్చింది, రెండోసారి పూర్తిగా ఆగడానికి మళ్లీ తొమ్మిదిసార్లు పడుకోబెట్టేదాకా పట్టింది. కాబట్టి మీ ఇంట్లో నానమ్మ, తాతయ్య, మీ వారు అందరూ ఒకే మాట మీద ఉన్నాకే మొదలుపెట్టండి, నాలుగు రోజులు బిగబట్టి అయిదో రోజు ఇచ్చేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే నయం. అప్పుడప్పుడూ మాత్రమే ఫలితం దొరికే పనిని మానిపించడం చాలా కష్టమని పునర్బలనం మీద పరిశోధించిన సైకాలజిస్టులు ఫెర్‌స్టర్, స్కిన్నర్‌ల కాలం నుంచీ తెలిసిందే.

కానీ ఉత్తినే వదిలేయడం, అందులోనూ అన్నం దగ్గర, నాకు ఇష్టం లేదు. ఏడుపుకి బదులు ఏం చేస్తే మీరు దొరుకుతారో వాడికి తెలియాలి. పళ్లెం పెట్టకముందే ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. పక్కన కూర్చుని మీరూ తినండి. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడా, ఆ క్షణంలోనే ‘పప్పన్నం నువ్వే తిన్నావే!’ అనండి, భోజనం అయ్యాక మెచ్చుకుంటే ఆ ముద్దకి అందదు. మొదట్లో నాలుగు ముద్దలే తిని లేస్తే లేవనివ్వండి, వెంటపడి కుక్కకండి. ఫోన్ చూసే టైమ్ వేరే పెట్టండి, అన్నానికీ ఏడుపుకీ ముడిపెట్టకుండా. ఎన్ని నిమిషాలు ఏడ్చాడో రోజూ క్యాలెండర్ మీద రాయండి, తగ్గుతోందో లేదో మన అంచనా కంటే ఆ అంకెలే సరిగ్గా చెప్తాయి.

బరువు పెరగకపోయినా, మింగడానికి ఇబ్బందిపడుతున్నా, తింటే వాంతులవుతున్నా ఇవన్నీ పక్కనపెట్టి ముందు పిల్లల డాక్టరుకి చూపించండి.