ఆంప్లిఫయర్‌కు మంచి కరెంటు

ప్రశ్న: మా హాల్లో ఆంప్లిఫయర్, టీవీ, సెట్‌టాప్ బాక్సు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడుస్తున్నాయి. పాట ఆపినా స్పీకర్లలో గుయ్‌మనే మోత ఆగదు. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా టప్‌మని శబ్దం వస్తుంది. ఖరీదైన పవర్ కేబుల్, పవర్ కండిషనర్ (కరెంటులోని అలజడిని వడకట్టే పెట్టె) కొనమని దుకాణంలో చెబుతున్నారు. కొనవచ్చా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందుగా వీధిలోంచి వచ్చే కేబుల్ వైరును సెట్‌టాప్ బాక్సు నుంచి విప్పి వినండి. మోత ఆగిపోతే లోపం మీ కరెంటుది కాదు. ఆ కేబుల్‌లోని లోహపు తొడుగుకు ఒకచోట, మీ ఇంటికి మరొకచోట ఎర్త్ ఉండడం వల్ల ఆ రెండింటి మధ్య స్వల్పంగా కరెంటు ఆడియో వైర్ల గుండా ప్రవహిస్తూ, 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. కేబుల్‌కు ఐసొలేటర్ (సిగ్నల్‌ను పంపుతూ ఎర్త్ కలయికను తెంచే చిన్న పరికరం) పెడితే ఇది పోతుంది. కొందరు ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేసి మోత పోగొడతారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయవద్దు, లోపల ఇన్సులేషన్ చెడితే ఆంప్లిఫయర్ ఇనుప డబ్బాకే 230 వోల్టులు వస్తాయి.

మోత ఆగకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఇంట్లో లోడు నడుస్తుండగా న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి వెళ్లే తీగకూ) ఎర్త్‌కూ మధ్య వోల్టేజి కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ గుంతనూ, న్యూట్రల్ జాయింట్లనూ పరీక్షించాలి. ఎండాకాలంలో గుంత ఎండిపోతే ఎర్త్ బలహీనపడుతుంది కనుక నీళ్లు పోస్తూ ఉండడం మంచిది. మా ఇంట్లో స్పీకర్ల చిటపట శబ్దానికి కారణం కోసం నెలల తరబడి వెతికాక, మీటరు పక్కనున్న బోర్డులో న్యూట్రల్ స్క్రూ వదులై, రాగి తీగ కొస మసిబారి కనిపించింది. మెయిన్ ఆపించి, కొసను కత్తిరించి, కొత్త రాగి కనిపించేలా బిగించగానే ఆ శబ్దం పోయింది.

ఫ్రిజ్ శబ్దానికి మందు వేరే లైను. డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడి ఎంసీబీతో (కరెంటు మితిమీరితే దానంతట అదే ఆపేసే స్విచ్చితో), 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, మధ్యలో మరే సాకెట్టుకూ తగలకుండా 16 ఆంపియర్ల సాకెట్టు వేయించి, ఆడియో సామాను మొత్తాన్నీ దాని మీదనే ఉంచండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో ఇక పని ఉండకూడదు. మీది త్రీ ఫేజ్ కనెక్షన్ అయితే ఫ్రిజ్‌ను మరో ఫేజ్‌కు మార్పించండి.

స్టెబిలైజర్ మాటకొస్తే, ఒక వారం సాయంత్రాలు వోల్టేజి రాసి చూడండి. 210 నుంచి 240 మధ్య నిలుస్తుంటే అది అనవసరం. బాగా ఊగుతుంటే రిలే రకం (స్విచ్చిలా అంచెలంచెలుగా మారేది) కాక సర్వో రకం (మోటారుతో మెల్లగా సర్దేది) తీసుకోండి, రిలే మారిన ప్రతిసారీ టక్కుమని శబ్దం వస్తుంది. ఇవన్నీ చేశాక కూడా శబ్దం మిగిలితేనే కండిషనర్ ఆలోచన చేయండి, అదీ ఇంటికి తెచ్చి విని చూసి, నచ్చకపోతే తిరిగి ఇచ్చే వీలుంటేనే.