ఫస్టియర్ ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వేయించాలి?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరిన వెంటనే ల్యాబ్ సంగతి అడిగావు, చాలా సంతోషం. అక్కడ ఇంకా టర్బో సీ, అంటే సీ ప్రోగ్రాంలు రాసే ఆ పాత సాఫ్ట్‌వేర్, నడుస్తోందని రాశావు. ముందు దాన్ని తీయించు తల్లీ. టర్బో సీ++ 3.0 వచ్చింది 1990ల మొదట్లో, సీ++ భాషకు ఐఎస్ఓ ప్రమాణం వచ్చింది ఆ తర్వాత, 1998లో. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో అది నేరుగా నడవదు, పాత డాస్ ప్రోగ్రాంలను నడిపే డాస్‌బాక్స్ కావాలి. అంతకన్నా పెద్ద చిక్కేమిటంటే అందులో ఇంట్, అంటే పూర్ణసంఖ్యలు దాచే రకం, 32,767 దాటదు. పలాస నుంచి వచ్చే పిల్లాడు జీడిపిక్కల లెక్క రాస్తూ ఇరవై వేలకు ఇరవై వేలు కలిపితే మైనస్ 25,536 వస్తుంది. తప్పు తనదేననుకుని బెదిరిపోతాడు. ఇలా హద్దు దాటి లెక్క తిరగబడే ఓవర్‌ఫ్లో గురించి చెప్పాల్సిందే, కానీ మొదటి వారంలో కాదు.

సిలబస్‌లో సీ ఉంటే కోడ్‌బ్లాక్స్ వేయించు. డౌన్‌లోడ్ చేసేటప్పుడు పేరులో మిన్‌జీడబ్ల్యూ ఉన్న ఫైలే తీసుకో, రాసిన ప్రోగ్రాంను మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ దాంతోపాటే వస్తుంది.

పైథాన్ అయితే నా ఓటు థానీ అనే ఎడిటర్‌కే. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తయారైంది. పైథాన్ అందులోనే ఉంటుంది, నెట్ లేకపోయినా నడుస్తుంది. డీబగ్‌లో, అంటే ప్రోగ్రాంను అడుగడుగునా ఆపి చూసే పద్ధతిలో, పెట్టి ఎఫ్7 నొక్కుతూ పోతే ఒక్కో లెక్క ఎలా తేలుతోందో తెరమీదే కనిపిస్తుంది. పిల్లలు ఇన్‌పుట్‌తో 5, 7 తీసుకుని కలిపి 57 వచ్చిందని నీ దగ్గరికి పరిగెత్తుకొస్తారు చూడు. అప్పుడు వేరియబుల్స్ కిటికీ తెరిపించు. ఆ 5 పక్కన కొటేషన్ గుర్తులుంటాయి. అది అంకె కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, అని వాళ్లే కనిపెడతారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్‌లో పడే ఎర్రర్ చదవడమే టెన్షన్. కంటికి కనపడితే ఆ భయం సగం తగ్గుతుంది.

కంపెనీల్లో వాడే ఎడిటర్ వీఎస్ కోడ్ కదా అని ఎవరో ఒకరు అంటారు. మంచిదే, సెకండియర్‌లో పెట్టు. కంపైలర్ విడిగా వేసి, అది ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పే పాత్ సరిచేసుకోవడం ఫస్టియర్ వాళ్ల పని కాదు. ఆన్‌లైన్ కంపైలర్లనే నమ్ముకోకు, నెట్ పోతే క్లాసు పోయినట్టే. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లకు ఫోన్లో పైథాన్ రాసుకునే పైడ్రాయిడ్ 3 యాప్ చూపించు.

ల్యాబ్‌లో విండోస్ 7 ఉన్న మిషన్లుంటే వాటికి పైథాన్ 3.8 వరకే, ఆపై వెర్షన్లు ఎక్కవు. క్లాసులు మొదలయ్యేలోపు అన్నిటికన్నా పాత మిషన్ ముందు కూర్చో. నీ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో కాదు, స్టూడెంట్ లాగిన్‌తో. ఒక చిన్న ప్రోగ్రాం రాసి, సేవ్ చేసి, రన్ చెయ్యి. ఎక్కడైనా ఆగితే సాయంత్రం ఫోన్ చెయ్యమ్మా.