అత్తగారి పొగాకు ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లెటూరు. మా అత్తగారికి 58 ఏళ్లు. ఇదివరకు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగేవారు, కొన్నేళ్లుగా అది మానేసి పొగాకులో సున్నం కలిపి నములుతున్నారు. మా ఆయన బరంపురం వెళ్లినప్పుడల్లా రెండు మూడు నెలలకు సరిపడా ఆకు, ఖైనీ ప్యాకెట్లు తెచ్చి పెడతారు. ఎండలకి ఆకు పెళుసైపోతోందని అత్తగారు నీళ్లు చల్లి, తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో దాస్తారు. వానాకాలం వస్తే దానికే బూజు పడుతుంది. బూజు దులిపి, ఎండబెట్టి మళ్లీ వాడతారు. ఇప్పుడు ఫ్రిజ్‌లో పెట్టమంటున్నారు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ఆకు ఫ్రెష్‌గా ఉంటే హాని తక్కువేనా? అసలు ఎలా దాచాలి?

జవాబు: ముందు మీరు అడిగినదానికే నేరుగా చెప్తానమ్మా. పొగాకు ఫ్రెష్‌గా ఉన్నంత మాత్రాన దాని హాని తగ్గదు. కానీ తడిపి, వెచ్చటి చోట, నెలల తరబడి దాస్తే మాత్రం ఉన్న హాని ఇంకా పెరుగుతుంది. మీ ఇంట్లో జరుగుతున్నది అదే, కాబట్టి మీరు అడగడమే మంచిదైంది. ఇలాంటివి అడిగితే డాక్టర్లు కేకలేస్తారని చాలామంది అడగరు, చివరికి నోట్లో పుండు చూపించడానికి వచ్చినప్పుడు గాని ఆ డబ్బా సంగతి మాకు తెలియదు.

పొగాకు ఆకులో నైట్రేట్ ఉంటుంది. ఆకు తడిగా, వెచ్చగా ఉంటే దానిమీది బాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రైట్‌గా మారుస్తుంది, అది నికోటిన్‌తోనూ, ఆకులో ఉండే అలాంటి మరికొన్ని పదార్థాలతోనూ కలిసి నైట్రోసమైన్లు అనేవి తయారవుతాయి. నమిలే పొగాకులో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు కనీసం 28 ఉన్నట్టు గుర్తించారు, వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనవి ఈ నైట్రోసమైన్లే. నోరు, అన్నవాహిక, క్లోమం, ఈ మూడు చోట్లా పొగలేని పొగాకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. ఆకుని ఆరబెట్టి, మగ్గబెట్టి అమ్మకానికి తెచ్చేలోపే ఇవి కొంత తయారై ఉంటాయి, మీ అత్తగారు నీళ్లు చల్లి మూత బిగించేసరికి ఆ పని డబ్బాలో ఇంకా సాగుతుంది. అందుకే నీళ్లు చల్లడం, తడిగుడ్డ చుట్టడం ఈ రోజే ఆపించండి. ఆకు ఎండితే వాసన, రుచి తగ్గుతాయి తప్ప అందులోని నికోటిన్ పెద్దగా ఎక్కడికీ పోదు. ‘పస తగ్గింది’ అనుకుని ఎక్కువ ఆకు వేసుకోవద్దని ఆవిడకి చెప్పండి.

బూజు పట్టినది మాత్రం ఒక్క కాడ కూడా ఉంచొద్దు. కొన్ని రకాల బూజులు అఫ్లాటాక్సిన్ లాంటి విషాలు తయారుచేస్తాయి, ఎండబెడితే పైకి కనిపించే బూజు చస్తుంది గాని ఆ విషం పోదు, అది కాలేయానికి చెడ్డది. దులిపేటప్పుడు ఆ పొడి ఊపిరిలోకి కూడా పోతుంది. పారేసేటప్పుడు పెంట మీద వేయకండి, మేకలు, కోళ్లు ముట్టుకుంటాయి. కవర్లో గట్టిగా కట్టి చెత్త బండిలో వేయండి.

ఇక ఫ్రిజ్. స్వీడన్‌లో స్నూస్ అని పెదవి కింద పెట్టుకునే పొగాకు ఉంది, దాన్ని తయారుచేసేటప్పుడే వేడిచేసి బాక్టీరియాని చంపుతారు, కొట్లలో కూడా చల్లగానే ఉంచుతారు, అందుకని దాంట్లో నైట్రోసమైన్లు తక్కువ. ఇది విని మన ఆకుకీ అదే పని చేస్తుందనుకోవద్దు. మీకు దొరికే ఆకుకి ఆ వేడి చేసే దశే లేదు, చల్లదనం కొత్తగా తయారయ్యేదాన్ని నెమ్మదిగా సాగనిస్తుంది గాని అప్పటికే ఉన్నదాన్ని తీసేయదు. పైగా రెండేళ్ల పిల్ల దృష్టిలో ఫ్రిజ్‌లో ఉన్నదంతా తినేదే. పెరుగు గిన్నె పక్కన, పాప పాల పక్కన పొగాకు డబ్బా పెట్టడానికి నేను ఒప్పుకోను.

నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలోని ఆ ‘రెండేళ్ల పాప’ అన్న మాటే. పెద్దవాళ్లు రోజూ నమిలే మోతాదులో కొంచెం మింగినా చిన్నపిల్లలకి నికోటిన్ విషమెక్కుతుంది. అరగంట, గంటలోపే వాంతులు, నోట్లోంచి చొంగ కారడం, ముఖం పాలిపోవడం, చెమటలు, చిరాకు కనిపిస్తాయి, ఎక్కువైతే మత్తుగా పడిపోవడం, ఫిట్స్, ఊపిరి అందకపోవడం దాకా వెళ్తుంది. అలా జరిగితే ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలుపెట్టి వాంతి చేయించొద్దు. నోట్లో మిగిలిన ఆకు తుడిచేసి, 108కి ఫోన్ చేసి, ఆ ప్యాకెట్ కూడా వెంట తీసుకుని ఆసుపత్రికి పదండి. పాప బాగానే కనిపిస్తోందని ఇంట్లో కూర్చోకండి.

సున్నం గురించి మీరు అడగలేదు గాని అదీ అంతే ప్రమాదం. సున్నం ట్యూబు, ప్యాకెట్ పిల్లల చేతిలో పడితే నొక్కుతారు, అది చిమ్మి కంట్లో పడుతుంది. సున్నం క్షారం కాబట్టి కంటి పైపొరతో ఆగదు, లోపలికి తినేస్తూ పోతుంది, చూపు పోయిన పిల్లలు ఉన్నారు. కంట్లో పడిన క్షణంలోనే కుళాయి కింద గాని, చెంబుతో గాని మంచినీళ్లు ధారగా పోస్తూ కనీసం 15 నుంచి 30 నిమిషాలు కడగాలి, రెప్పల కింద ఇరుక్కున్న సున్నం ముక్కలు పోయేలా కడగాలి, ఆ తర్వాతే కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరాలి. పసరు, చనుబాలు, వెన్న ఏవీ కంట్లో వేయొద్దు.

కాబట్టి దాచడం అంటే నా సలహా ఇది: వారానికి సరిపడా మాత్రమే, పొడిగా, మూత బిగుతుగా ఉండే డబ్బాలో, వంటింట్లో కాకుండా తాళం ఉన్న బీరువా పై అరలో పెట్టండి. సున్నం కూడా అందులోనే. దిండు కింద, కొంగు ముడిలో, చాప పక్కన వదిలేయడం ఆపమనండి. ఆకు నలిపిన చేత్తో పాపకి అన్నం కలిపి పెట్టొద్దు, సబ్బుతో కడుక్కున్నాకే పెట్టాలి. అయితే ‘వారానికి’ అన్నది దాచడం కోసమే చెప్పలేదు. ఇంట్లో రెండు మూడు నెలల సరుకు ఉంటే లెక్క ఉండదు, చేతికి అందినప్పుడల్లా నోట్లోకి పోతుంది. మీ ఆయన అమ్మ మీద ప్రేమతోనే తెస్తున్నారు, అది నాకు అర్థమైంది, కానీ ఆ సంచి బరంపురం నుంచి రాకపోతే ఆవిడ వాడకం దానంతట అదే కొంత తగ్గుతుంది. ఈ మాట కోడలిగా మీరు చెప్తే ఇంట్లో గొడవ కావచ్చు, ఈ జవాబు ఆయన చేతికిచ్చి చదవమనండి.

ఆవిడ నోరు కూడా ఒకసారి చూడాలి, దాన్ని వాయిదా వేయకండి. అడ్డపొగలో చుట్ట నిప్పు నోట్లోనే ఉంటుంది కాబట్టి దెబ్బంతా అంగిటికి తగులుతుంది. మన శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిటికి వచ్చే మచ్చల మీద 1971లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆవిడ అది మానేశారు, చాలా మంచి పని, కానీ ఆ పాత అంగిటి మీద ఇప్పుడు సున్నం, పొగాకు చేరాయి. పగటి వెలుతురులో నోరు తెరవమని, సెల్ టార్చి వేసి అంగిలి, బుగ్గల లోపల, నాలుక కింద, ఆకు పెట్టుకునే చోట చూడండి. తుడిచినా పోని తెల్ల మచ్చ, ఎర్రటి మచ్చ, గట్టి గడ్డ, రెండు వారాలైనా మానని పుండు, వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదని ఊరుకోకండి, మొదట్లో ఇవి నొప్పి పెట్టవు. ఆవిడ తన మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టుకోగలగాలి, పట్టకపోతే, ముఖ్యంగా వక్క కూడా నములుతుంటే, అది వేరే జబ్బు, వెంటనే చూపించాలి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించవచ్చు, అనుమానం ఉంటే వాళ్లే ముక్క పరీక్షకి (బయాప్సీకి) పంపుతారు.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతమే కాబట్టి ఇంకొక మాట. అక్కడి కిడ్నీ జబ్బుకి పొగాకే కారణమని నేను అనడం లేదు. కానీ నికోటిన్ బీపీని పెంచుతుంది, పెరిగిన బీపీ కిడ్నీకి భారం, అందుకని నోరు చూపించిన రోజే బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) కూడా చేయించండి.

మానడం గురించి మీరు అడగలేదు, ఆవిడ ఒప్పుకోరని అనుకుని ఉంటారు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 21.4 శాతం మంది పొగలేని పొగాకు వాడుతున్నట్టు తేలింది, కాబట్టి ఆవిడ సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, ఇది నికోటిన్ పట్టు, మనిషి లోపం కాదు. మానిన మొదటి రెండు మూడు రోజులే బాగా కష్టం, చిరాకు, నిద్రపట్టకపోవడం, తలనొప్పి ఉంటాయి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఆ రోజుల్లో ఆవిడ కసురుకుంటే మనసులో పెట్టుకోకండి. నోట్లో ఏదో ఒకటి ఉండాలనిపిస్తే సోంపు, ఏలకులు, లవంగం ఇవ్వండి, వక్కపొడి మాత్రం వద్దు. నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది, కానీ బబుల్‌గమ్‌లా నమలకూడదు, నెమ్మదిగా నమిలి ఘాటు రాగానే బుగ్గలో ఆనించి ఉంచాలి, ఘాటు తగ్గితే మళ్లీ నమలాలి, టీ, కాఫీ తాగాక పావుగంట ఆగాలి. పళ్లు కదులుతుంటే గమ్ కుదరదు, చప్పరించే బిళ్లలు ఉన్నాయి. ఏది, ఎంత మోతాదు అన్నది బీపీ చూసి డాక్టరు చెప్పాలి. ఖైనీ ప్యాకెట్ మీద అచ్చువేసి ఉండే 1800-11-2356 నంబరు జాతీయ క్విట్‌లైన్‌ది, ఉచితం, ఆవిడతోనే మాట్లాడించండి, బయటివాళ్లు చెప్తే పెద్దవాళ్లు కొన్నిసార్లు ఇంట్లోవాళ్ల మాటకంటే ఎక్కువ వింటారు.

ఆసుపత్రికి వెళ్లే రోజు ఆ స్టీలు డబ్బా కూడా పట్టుకెళ్లండి. రోజుకి ఎన్నిసార్లు, ఎంత ఆకు, లేవగానే వేసుకుంటారా, రాత్రి నోట్లో పెట్టుకునే పడుకుంటారా అన్నవి ముందే ఒక కాగితం మీద రాసుకుంటే మందు మోతాదు నిర్ణయించడం డాక్టరుకి సులువవుతుంది.