ఏటి ఒడ్డున ఇల్లు: మీ సందేహాలు, మా జవాబులు

ప్రశ్న: ఇరవై ఏళ్ల తర్వాత మా ఏటి ఒడ్డు ఊరికి తిరిగి వెళ్లి పాత ఇల్లొకటి కొనాలనుకుంటున్నాం. మేమున్నన్నాళ్లూ ఆ వీధిలోకి వరద రాలేదు. ఆ ధీమా చాలా?

జవాబు: చాలదు. నది పేరు మారదు గానీ మట్టం మారుతుంది. ఎగువన ఆనకట్ట పడితే ఇసుక, ఒండ్రు అక్కడే ఆగిపోయి దిగువకు తేటనీరు వస్తుంది. ఆ నీరు అడుగునీ ఒడ్డునీ కోసుకుపోతుంది. ఇసుక ఎక్కువగా తవ్వినా అంతే, ఏటి అడుగుతో పాటు ఒడ్డు బావుల్లో నీరూ దిగిపోతుంది. కరకట్టలు కడితే మరో తంటా. వెడల్పుగా పరుచుకోవాల్సిన వరద రెండు కట్టల మధ్య ఇరుక్కుని ఎత్తు పెరుగుతుంది. కాబట్టి మీ జ్ఞాపకం కట్టలకు ముందుదా, తర్వాతదా అన్నది ముందు తేల్చుకోండి.

ఆ తర్వాత కొలవండి. ఊళ్లో వరద గుర్తులు గోడల మీదో, వంతెన స్తంభాల మీదో ఉంటాయి. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస గుర్తు దగ్గర, రెండోది మీ గడప దగ్గర పట్టండి. దూరమైతే దఫదఫాలుగా జరుపుకుంటూ రండి. గొట్టంలో ఒక్క గాలిబుడగ ఉన్నా లెక్క తప్పుతుంది, అందుకే ప్రతిసారీ ముందు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి నీటిమట్టం సమానంగా ఉందో లేదో చూసుకోండి. కట్టలు ఆ గుర్తుకి తర్వాత కట్టినవైతే ఈసారి నీరు దాన్ని దాటవచ్చని కూడా లెక్కలోకి తీసుకోండి. 'నూరేళ్లకోసారి వచ్చే వరద' అంటే నూరేళ్లు నిశ్చింత అని కాదు, ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం అని. ముప్ఫై ఏళ్లుండే ఇంటికి ఆ అవకాశం 26 శాతం.

చాలామంది చూడనిది వీధి. పాత తారు గీకకుండా రోడ్డు వేసిన ప్రతిసారీ ఓ 4, 5 సెంటీమీటర్లు పెరుగుతుంది. నాలుగుసార్లు వేస్తే ఒకప్పటి మెట్టు మాయమై వాననీరు ఇంట్లోకే దారి చూసుకుంటుంది. ఏరు పొంగకుండానే మునిగే ఇళ్లు ఇవే. ఇక ఏటి వంపులో ఇల్లయితే, నీరు బయటి వంపుని కోస్తుంది, లోపలి వంపులో మేట వేస్తుంది. బయటి వంపున ఉన్న ఇంటిని ఎంత చౌకగా ఇచ్చినా వదిలేయండి.

ప్రశ్న: కొన్న ఇంట్లో గోడలకు నడుం ఎత్తు దాకా చెమ్మ, తెల్లటి ఉప్పు. సిమెంటు పూత పూయమంటున్నారు. పూయమంటారా?

జవాబు: పూయకండి. ముందు నీరు ఎటునుంచి వస్తోందో తెలుసుకోండి. గోడ మీద 45 సెంటీమీటర్ల చదరపు పాలిథీన్ ముక్కని నాలుగువైపులా టేపుతో బిగించి ఒకటి రెండు రోజులు వదలండి. గోడవైపు తడి చేరితే చెమ్మ గోడలోది. బయటివైపు చేరితే గదిలోని గాలిది, దానికి కిటికీ తెరవడమే మందు.

నేల నుంచి పాకే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దాకా ఎక్కి, నీరు ఆరిన చోట ఉప్పుని వదిలేస్తుంది. సున్నంతో కట్టిన పాత గోడకి సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక ఇంకా పైకి పాకుతుంది. కొన్నాళ్లకి పూత పెచ్చులుగా ఊడుతుంది. ఊడిన పూతని చెమ్మ గీతకి పైన మరో 30 సెంటీమీటర్ల దాకా గీకేయండి. ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి ఊడ్చెయ్యాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. గోడ ఆరనివ్వండి. వరదలో నానిన ఇటుక గోడకి అంగుళం మందానికి సుమారు నెల అన్నది పనివాళ్ల లెక్క. ఆపైన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లతో, పొరకి 10 మిల్లీమీటర్లు మించకుండా పూయించండి. గోడ మొదట్లో మట్టి పేరుకుపోయి లోపలి నేలకన్నా ఎత్తుగా ఉంటే ముందు అది తవ్వించాలి. సగం చెమ్మ దానివల్లే అయి ఉంటుంది.

ప్రశ్న: ప్రశాంతత కోసం వస్తే, రాత్రిపూట అవతలి ఒడ్డు మాటలు కూడా చెవిలో పడుతున్నాయి!

జవాబు: నీటి మీద గాలి చల్లగా, దానిపైన వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. నీటి ఉపరితలం దాన్ని పీల్చుకోదు కూడా. అందుకే ఇల్లు చూడటానికి మిట్టమధ్యాహ్నం కాదు, గాలి కదలని సాయంత్రం వెళ్లాలి.

ఇప్పుడు చేయగలిగింది సందులు మూయడం. గోడ ఎంత మందమైనా, దాని వైశాల్యంలో నూరో వంతు తెరిచి ఉంటే మొత్తం మీద ఆగేది 20 డెసిబెల్స్ లోపే. తలుపు అడుగున రబ్బరు పట్టీ, కిటికీ చట్రం చుట్టూ సీలెంట్, తర్వాతే రెండో అద్దం. అది మొదటిదానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే మేలు. వరస చెట్లు కంటికి హాయి, చెవికి పెద్దగా ఉపయోగపడవు. ఇల్లంతా బిగిస్తే పైన చెప్పిన చెమ్మ పెరుగుతుంది, కాబట్టి ఇంట్లో ఏరు లేని వైపున్న గదిని పడకగది చేసుకుని అదొక్కటే బిగించండి. పగలు దాన్నీ తెరిచి ఉంచండి.

ప్రశ్న: వరద తగ్గగానే సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించాలా?

జవాబు: వెంటనే వద్దు. చుట్టూ నేల నీటితో నిండి ఉండగా ఖాళీ చేస్తే తేలికైన ట్యాంకు పైకి లేచి గొట్టాలు విరుగుతాయి. భూగర్భ నీటిమట్టం ట్యాంకు అడుగుకన్నా దిగేదాకా ఆగండి, అప్పటిదాకా నీటి వాడకం తగ్గించండి. ట్యాంకుకి పోయే గొట్టంలో నీరు వెనక్కి రానివ్వని వాల్వ్ లేకపోతే మరుసటి వానాకాలంలోపు పెట్టించండి.